యంత్రమునకు ఊపిరి

మదనపల్లె సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున నున్నది. ఇచటి గాలి ఊపిరితిత్తులకు మేలని తలచియే 20వ శతాబ్దపు రెండవ దశకములో క్షయరోగుల కొఱకు సమీపమున ఆరోగ్యవరము వెలసినది. మనుష్యునకు హితమైన ఆ గాలి మోటారు యంత్రమునకు మాత్రము కొంత కొఱత. సముద్రతీరమునకంటె ఇచట గాలి సాంద్రత నూటికి ఆరు పాళ్ళకు పైగా తక్కువ. సాధారణ యంత్రముల శక్తియు దాదాపు అంతే తగ్గును.

ఏలయన, యంత్రమును నడుపునది పెట్రోలు మాత్రమే కాదు. ఒక పాలు పెట్రోలు సంపూర్ణముగ మండుటకు తూకమున 14.7 పాళ్ళ గాలి వలయును. శక్తిని పెంచుటయనగా ముఖ్యముగ యంత్రముచే హెచ్చు గాలిని పీల్పించుటయే. తిన్నని బాటపై పావుమైలు దూరమును ఎవరు ముందు దాటుదురో తేల్చు డ్రాగ్ పందెములకు బండిని సిద్ధపఱచువారి విద్యకు ఇదియే మూలము.

మన దేశమున ఆ విద్యకు పేరొందిన బండి యమహా ఆర్.ఎక్స్. 100. 1985 నుండి 1996 వఱకు తయారైన ఈ బండి యంత్రము 98 ఘన సెంటీమీటర్లది. శక్తి 11 అశ్వశక్తులు. సిలిండరు ద్వారములను పెద్దవి చేసినచో గాలి హెచ్చుగ వచ్చును. కాని మెల్లగ పోవునపుడు లాగుడు తగ్గును. పొగగొట్టమును తగినట్లు మలచినచో, వెలికి జారిపోవు పచ్చి మిశ్రమమును మరలివచ్చు పీడనతరంగము లోనికి నెట్టును. అదియు కొంత వేగపరిధిలోనే. హెడ్డును చెక్కి ఒత్తిడి పెంచవచ్చును. మితి మీరినచో పెట్రోలు అదుపు తప్పి మండి పిస్టను కరగును. నిమిషమునకు 7,500 చుట్లు తిరుగుదానిని 9,000 చుట్లు త్రిప్పినచో వేగము హెచ్చునది అయిదవ పాలే; కనెక్టింగ్ రాడ్డును లాగు బలము నూటికి 44 పాళ్ళు హెచ్చును.

అమెరికాలో టాప్ ఫ్యూయల్ తరగతి బండ్లు, తనలోనే ఆక్సిజను గల నైట్రోమీథేనును త్రాగి, పదివేల అశ్వశక్తులను మించును. కొద్ది క్షణముల పరుగు ముగియగనే ఆ యంత్రమును విప్పి మరల కూర్పవలసినదే.

ఇచట పుంగనూరు ఆవు జ్ఞప్తికి వచ్చును. పొట్టి మేను, కొలది మేత, చిక్కని పాలు. మెచ్చవలసినది దాని పొందికను. బండియు, నడుపువాడును కలిసిన బరువులో పదవ పాలు తగ్గినచో, శక్తిని నూటికి 11 పాళ్ళు పెంచినంత ఫలము. పళ్ళచక్రముల నిష్పత్తిని సరిచూచుట, నేలను జారక పట్టు టైరు నమర్చుట, ఇవియు యంత్రమును నొప్పింపని మార్గములు.

పందెమునకు చోటును ముఖ్యమే. శ్రీపెరుంబుదూరు సమీపమున 1990లో ప్రారంభమైన పందెపు బాట కలదు. మదనపల్లె నుండి పుంగనూరు, పలమనేరుల మీదుగ కుప్పమునకు పోవు 42వ జాతీయ రహదారి అట్టిది కాదు. అది టమాటా లారీలును, బడిపిల్లలును సాగు త్రోవ. 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 189వ విభాగము ప్రభుత్వానుమతి లేక బహిరంగ స్థలములలో పందెము వేయుటను నేరమనుచున్నది. రిజిస్ట్రేషను వివరములకు భిన్నముగ బండిని మార్చుటను 52వ విభాగము నిషేధించుచున్నది.

పందెపు బాటపై యంత్రము పగిలినచో విప్పి కూర్పవచ్చును. రహదారిపై ఒకరి ఊపిరి ఆగినచో దానిని మరల నింపగల నేర్పరి లేడు.