ఊపిరికి కావలి

విశాఖపట్నంలో పెద జాలరిపేట నుంచి తీరం వెంట రామకృష్ణా బీచ్ వైపు నడిస్తే, సాయంవేళ పిల్లలను ఎక్కించుకొని తిరిగే గుర్రాలు కనిపిస్తాయి. పరుగు తీసి వచ్చిన గుర్రం ముక్కుపుటాలు విప్పార్చి గాలి పీలుస్తుంది. నోటితో ఊపిరి తీయడం దానికి చేతకాదు. పూర్తిగా ఎదిగిన గుర్రం నిలకడగా ఉన్నప్పుడు ఒక్కొక్క శ్వాసకు సుమారు 5 లీటర్ల గాలిని, అంటే మనకంటే పదిరెట్లు, లోనికి తీసుకొంటుంది. ఆ గాలితోపాటు ఇసుక నలుసులు, ఎండుగడ్డి ధూళి, బూజు బీజాలు, సూక్ష్మజీవులు ప్రవేశిస్తాయి. అయినా ఆరోగ్యంగా ఉన్న గుర్రం తేలికగానే శ్వాసిస్తుంది. లోపల కావలి ఉన్నది కనుక!

ఆ కావలివారు తెల్లకణాలు. వీటిలో ముఖ్యమైనవి మూడు రకాలు. న్యూట్రోఫిల్లు శత్రువు చొరబడిన చోటికి ముందుగా పరుగెత్తే కణాలు. లింఫోసైట్లు శత్రువును గుర్తుపెట్టుకొనేవి. మాక్రోఫేజ్‌లు, అంటే స్థూలభక్షకాలు, దొరికిన మలినాన్ని మింగి జీర్ణించుకొనేవి. కణాలు శత్రువును మింగుతాయన్న సత్యం బయటపడింది కూడా సముద్రతీరంలోనే. 1882లో ఇటలీలోని మెస్సీనాలో రష్యా శాస్త్రవేత్త మెచ్నికోవ్, పారదర్శకంగా ఉండే సముద్రనక్షత్రపు పిల్లలో గులాబీ ముల్లు గుచ్చి, కణాలు దాని చుట్టూ మూగడం చూశాడు. 1908లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

ఈ కణాలు శరీరమంతటా ఒకే పాళ్లలో ఉండవు. ఆరోగ్యవంతమైన గుర్రపు రక్తంలోని తెల్లకణాలలో సగానికి పైగా సాధారణంగా న్యూట్రోఫిల్లే. ఊపిరితిత్తులలో తీరు వేరు. అక్కడి వాయుగోణులలో మాక్రోఫేజ్‌లు, లింఫోసైట్లే అధికం. న్యూట్రోఫిల్లు నూటికి 5 లోపే. కారణం ఊహించడం కష్టం కాదు. న్యూట్రోఫిల్ పోరాడేటప్పుడు విడుదలచేసే రసాయనాలు సొంత కణజాలాన్ని కూడా గాయపరుస్తాయి. వాయుగోణి గోడ అతి పలుచన. అక్కడ నిత్యం యుద్ధం జరిగితే ఊపిరే ఆడదు. అందువల్ల ఊడ్చి శుభ్రపరిచే మాక్రోఫేజ్‌కే అక్కడ పెద్దరికం. గుర్రానికి మరొక విశేషం ఉన్నది. ఊపిరితిత్తుల రక్తకేశనాళికల గోడలకు అంటిపెట్టుకొని కూడా మాక్రోఫేజ్‌లు ఉంటాయి. అవి రక్తంలో కొట్టుకొని వచ్చే బాక్టీరియాను పట్టివేస్తాయి. ఆరోగ్యవంతుడైన మనిషిలో సాధారణంగా ఈ ఏర్పాటు కనిపించదు.

విరాటుని కొలువులో దామగ్రంథి పేరుతో గుర్రాలను సాకిన నకులుని అశ్వవిద్యానిపుణుడని భారతం కీర్తించింది. నాటి అశ్వపాలకులకు కన్ను, చెవి, చేయి మాత్రమే సాధనాలు. నేటి పశువైద్యుడు ముక్కు ద్వారా సన్నని గొట్టాన్ని ఊపిరితిత్తులలోకి పంపి, ఉప్పునీటితో లోపలి భాగాన్ని కడిగి, తిరిగి వచ్చిన ద్రవంలోని కణాలను సూక్ష్మదర్శినితో లెక్కిస్తాడు. ఇంత శ్రమ ఎందుకు? కాస్త రక్తం తీసి చూస్తే చాలదా? చాలదు. బూజుపట్టిన గడ్డి ధూళిని దీర్ఘకాలం పీల్చిన గుర్రానికి ఉబ్బసం వస్తుంది. వ్యాధి ముదిరితే ఊపిరితిత్తుల ద్రవంలో న్యూట్రోఫిల్లు నూటికి 25 దాటుతాయి. అప్పుడు కూడా రక్తపరీక్ష తరచుగా మామూలుగానే ఉంటుంది! రక్తాన్ని మాత్రమే నమ్మిన యజమాని, గుర్రం దగ్గుతున్నా దానిని పరుగు పెట్టిస్తూనే ఉంటాడు.

మందులకంటే ముందు చేయవలసిన చికిత్స మాత్రం పేదవానికీ అందుబాటులో ఉన్నదే. గడ్డిని నీటిలో తడిపి వేయాలి. గుర్రాన్ని మూసిన కొట్టంలో కాక, గాలి వీచే చోట కట్టాలి.