మంజీర ఇసుకలో పసి ఆల్చిప్ప

పచ్చిమామిడి చెక్కు తీయడానికి మన పల్లెల్లో ఆల్చిప్పను రాతి మీద అరగదీసి, చిల్లు చేసి వాడేవారు. ఆ చిప్ప పైభాగాన్ని పరిశీలిస్తే వరుసగా వంపు గీతలు కనిపిస్తాయి. పెరుగుదల మందగించిన కాలం ముదురు గీతగా మిగులుతుంది. జీవి బాగా ఎదిగిన కాలంలో గీతల నడుమ ఎడం పెరుగుతుంది. అయితే శైశవం నాటి గీతలు కీలు దగ్గరి ఉబ్బు మీద ఉంటాయి. మంచినీటి ఆల్చిప్పల్లో ఆ భాగమే తరచుగా అరిగిపోతుంది. బాల్యపు చరిత్ర అలా చెరిగిపోతుంది.

ఆ బాల్యమే అత్యంత సున్నితమైనది. మన చెరువుల్లో, నదుల్లో పెరిగే లామెల్లిడెన్స్ జాతుల ఆల్చిప్పల డింభకాలు తల్లి మొప్పల్లో ఎదిగి నీటిలోకి వస్తాయి. ఆపై చేపల మొప్పలకో రెక్కలకో అంటుకుని కొన్నాళ్లు బతికి, రూపం మారి అడుగుకు రాలిపోతాయి. అప్పటికి వాటి పరిమాణం మిల్లీమీటరు కూడా ఉండదు. నీటిని వడగట్టే మొప్పలు పూర్తిగా ఏర్పడవు కనుక, ఇసుకలో దూరి, పాదంతో సూక్ష్మ ఆహారాన్ని దగ్గరకు లాక్కుంటాయి.

ఈ దశలో వాటికి మరుగూ కావాలి, ప్రవాహమూ కావాలి. నీరు కదలకపోతే ఆహారం తరిగిపోతుంది; ఒండ్రు పేరుకుని ఇసుక రేణువుల సందులు పూడితే ప్రాణవాయువు అందదు. ఉరవడి మితిమీరితే ఇసుకతోపాటు పిల్లలూ కొట్టుకుపోతాయి. చోటు కదలకున్నా వేగం నష్టమే చేయవచ్చు: అమెరికా తీరపు స్కాలప్‌లనే సముద్రపు ఆల్చిప్పలపై 1972లో ప్రచురితమైన ప్రయోగంలో, ప్రవాహవేగం పెరిగినకొద్దీ వాటి ఎదుగుదల తగ్గింది. అందుకే రాళ్ల వెనుక, చెట్ల వేళ్ల దగ్గర, గులకరాళ్ల మధ్య ఉండే నెమ్మది నీరు పసి ఆల్చిప్పకు అమూల్యం. పైన నది వేగంగా పోతున్నా, అడుగును ఆనుకుని ఒక పలుచని పొరలో నీరు నిదానంగానే కదులుతుంది.

మంజీర నదిలో ఈ నెమ్మది నీటికి నిలకడ లేదు. బాన్సువాడకు ఎగువన ఆ నదిపై నిజాంసాగర్ ఆనకట్ట 1931లో పూర్తయింది. గేట్లు ఎత్తినప్పుడు దిగువకు ఒక్కసారిగా వరద వస్తుంది, మూసినప్పుడు నీరు వెనక్కి తగ్గుతుంది. చేప ఈదుకుంటూ మడుగు చేరగలదు. ఆల్చిప్ప పిల్ల ఆ వేగంతో జరగలేదు. దానికి తోడు ఇసుక తవ్వకాలు. మనం లారీకెత్తే ఇసుక నిర్మాణ సామగ్రి మాత్రమే కాదు, ఒక జీవజాతి పురిటిల్లు కూడా.

గేట్లను అంచెలంచెలుగా దించాలని, ఒడ్డువెంట వేళ్లూ గులకలూ ఉన్న మేటలను తవ్వకుండా వదలాలని నీటిపారుదల, గనుల శాఖలను కోరుతున్నాను.