ఆ ఖాళీ తెర మీద పిల్లలు ఏం చేస్తున్నారు?

మేడ్చల్, శామీర్‌పేటల్లో మేము నడిపే కంప్యూటర్ క్లాసులు చూడటానికి వచ్చిన దాతలు తరచుగా అడిగే మాట ఒకటుంది: "బొమ్మల్లేవు, ఆటల్లేవు. ఈ ఖాళీ తెర మీద పిల్లలు ఏం చేస్తున్నారండీ?" అక్కడ నిలబడి వివరంగా చెప్పే తీరిక దొరకదు కనుక ఇక్కడ చెబుతున్నాము.

అది పైథాన్ షెల్. పైథాన్ అనేది నెదర్లాండ్స్‌కు చెందిన గైడో వాన్ రాసమ్ తయారుచేసి 1991లో విడుదల చేసిన ప్రోగ్రామింగ్ భాష. ఉచితంగా దొరుకుతుంది. షెల్ తెరవగానే మూడు బాణపు గుర్తులు కనిపిస్తాయి. వాటి పక్కన ఒక వరుస రాసి ఎంటర్ నొక్కితే జవాబు వెంటనే కిందనే వస్తుంది. ప్రోగ్రాం మొత్తం రాసేదాకా ఆగనక్కర్లేదు. ఒకసారి ఎక్కించాక ఇంటర్నెట్ కూడా అవసరం లేదు, మీరిచ్చిన పాత కంప్యూటర్లే చాలు.

ఇంటి పాల లెక్కతో మొదలుపెడతాము. రోజుకు లీటరున్నర, లీటరు 60 రూపాయలు, 30 రోజులు. 1.5 * 60 * 30 అని కొడితే 2700.0 అని వస్తుంది. చివర ఆ చుక్కా సున్నా ఎందుకని ఎవరో ఒకరు అడుగుతారు. మేము చెప్పము. 1.5 తీసి 2 పెట్టి చూడమంటాము. ఈసారి 3600, చుక్క లేదు. కారణం వాళ్లే పట్టుకుంటారు.

అసలు లాభం తప్పుల దగ్గర ఉంది. నోట్‌బుక్కులో తప్పు రాస్తే పక్కవాళ్లు చూస్తారు. ఆ బెరుకుతోనే మా ఆడపిల్లల్లో చాలామంది మొదట్లో నోరు విప్పరు. షెల్‌లో కొటేషన్ గుర్తులు మరచి అమ్మ అని కొడితే 'నేమ్ ఎర్రర్' అంటుంది, అంటే ఆ పేరుతో తన దగ్గర ఏమీ లేదని. అంతే. ఏదీ పాడవదు, పదిసార్లయినా మళ్లీ కొట్టొచ్చు.

గుర్తులు పెట్టి, 'లెన్' అనే ఆజ్ఞతో అమ్మలో ఎన్ని అక్షరాలని అడిగితే 4 అంటుంది. రెండే కదా అని క్లాసంతా గోల! యూనికోడ్ లెక్కలో అ, మ, పొల్లు, మ వేర్వేరు. తెలుగు మాస్టారు ఒప్పుకోకపోవచ్చు.

ఒక చిక్కుంది. సేవ్ చేయకుండా షెల్ మూస్తే రాసింది పోతుంది. అందుకే కొన్ని వారాల తర్వాత ఫైలులో రాయడం నేర్పుతాము. ఆ పాఠానికి ముందే ఒకరోజు శామీర్‌పేటలో కరెంటు పోయి అందరి పనీ మాయమైంది. ఒక అమ్మాయి మాత్రం తన వరుసలన్నీ అప్పటికే నోట్‌బుక్కులో ఎక్కించుకుంది. కరెంటు వచ్చేదాకా మిగతావాళ్లు దాన్ని చూసి రాసుకున్నారు.