చేతన, అపరాధం, జాగ్రత్త: వినయంలోనూ చట్టంలోనూ బుద్ధిపూర్వక చర్య

చేతనయే కర్మ అన్న నిర్వచనం బౌద్ధ నీతిచింతనకు పునాది. అంగుత్తరనికాయంలోని నిబ్బేధిక సుత్తం దానిని స్పష్టపరచింది. మజ్ఝిమనికాయంలోని ఉపాలి సుత్తం పాపకార్యం విషయంలో కాయ, వాక్కర్మల కంటె మనోకర్మయే బలవత్తరమని నిరూపించింది. అయితే సంఘం ఒక భిక్షువు చర్యను విచారించవలసి వచ్చినప్పుడు మరొక ప్రశ్న ఎదురవుతుంది. చేతన లేదని తేలినంత మాత్రాన బాధ్యత కూడా తొలగిపోతుందా?

వినయపిటకంలోని మూడవ పారాజికం మనుష్యప్రాణిని బుద్ధిపూర్వకంగా హతమార్చుటకు సంబంధించినది. దాని వినీతవత్థు భాగంలో ఒక సంఘటన ఉంది. భిక్షాటనకు వెళ్లిన భిక్షువు ఒకడు వస్త్రం కప్పిన పీఠంపై కూర్చున్నాడు. ఆ వస్త్రం కింద ఉన్న శిశువు మరణించింది. చంపే ఉద్దేశం లేనందున అది పారాజికం కాదని నిర్ణయమైంది. కాని విచారణ అక్కడితో ముగియలేదు. ఆసనాన్ని పరిశీలించకుండా కూర్చోరాదనీ, కూర్చుంటే దుక్కట దోషమనీ కొత్త నియమం ఏర్పడింది. పెద్ద నేరం తొలగినా జాగ్రత్త వహించవలసిన ధర్మం మిగిలింది.

అదే భాగంలో విహార నిర్మాణ సమయంలో పైనున్న భిక్షువు చేతి నుండి రాయి జారి, కిందివాని తలపై పడిన ప్రస్తావన ఉంది. ఉద్దేశం లేకుంటే దోషం లేదు. చంపే ఉద్దేశంతో వదలగా మరణిస్తే పారాజికం, మరణించకుంటే థుల్లచ్చయం. బాహ్యచర్య ఒకటే అయినా చేతనను బట్టి, ఫలితాన్ని బట్టి నిర్ణయం మారింది.

అన్ని దోషాలకూ ఈ సూత్రం వర్తించదు. మద్యపానానికి సంబంధించిన పాచిత్తియంలో, మద్యమని తెలియక తాగినా దోషమే. అందుచేతనే అట్ఠకథలు దోషాలను సచిత్తకాలు, అచిత్తకాలు అని విభజించాయి. మిలిందపఞ్హలో నాగసేనుడు కూడా అజ్ఞానం విముక్తినిచ్చే దోషాలనూ, ఇవ్వని దోషాలనూ వేరుచేసి చూపాడు.

భారతీయ శిక్షాస్మృతి (1860) 39వ సెక్షన్ ఈ పరిధిని మరొక విధంగా గీసింది. ఫలితాన్ని కోరి చేసినదే కాక, ఆ ఫలితం కలిగే అవకాశముందని తెలిసి గాని, నమ్మడానికి తగిన కారణం ఉండి గాని చేసినదీ స్వచ్ఛందమే. దోపిడీకి వీలుగా రాత్రివేళ జనం నివసించే ఇంటికి నిప్పుపెట్టినవాడు మరణానికి విచారించినా, అట్టి ఫలితం సంభవమని ఎరిగి ఉంటే స్వచ్ఛందంగా మరణం కలిగించినట్లే. 2024 జులై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 2(33)వ సెక్షన్‌లో ఈ నిర్వచనం కొనసాగుతున్నది.

పాత స్మృతిలోని 80వ సెక్షన్, నేటి 18వ సెక్షన్ ప్రమాదాన్ని నేరం కాదంటాయి. అయితే ఆ పని చట్టబద్ధమై, తగిన జాగ్రత్తతో జరిగి ఉండాలి. జాగ్రత్త లోపించి మరణం సంభవిస్తే 106వ సెక్షన్ కింద నిర్లక్ష్యం శిక్షార్హం. పీఠాన్ని పరిశీలించని భిక్షువు విషయంలో వినయం చూపిన వివేచన దీనికి సన్నిహితమైనది. మతిభ్రమించినవారికి రెండు వ్యవస్థలూ మినహాయింపునిచ్చాయి.

భేదమూ ఉంది. చట్టం గడచిన చర్యకు శిక్షను నిర్ణయిస్తుంది. వినయం దోషస్థాయిని నిర్ణయిస్తూనే రాబోయే చర్యకు శిక్షణనిస్తుంది. కనుక వినీతవత్థును కేవలం దోషవిముక్తుల పట్టికగా చదివితే సగమే గ్రహించినట్లు. ఉద్దేశం నిర్దోషమైనా, చూపు అప్రమత్తమై ఉండాలన్నది మిగిలిన సగం.