తెలుగు లిపిలో ఏకమయ్యే ఆంగ్లపదాలు: బొబ్బిలి యుద్ధ రచనల నేపథ్యంలో అర్థభేద వివేచన

1. ప్రవేశిక:

బొబ్బిలి యుద్ధంపై (24 జనవరి 1757) పరిశోధించేవారికి ఆంగ్ల ఆకరాలు అనివార్యం. రాబర్ట్ ఓర్మ్ రచించిన సైనికచరిత్ర వాటిలో ముఖ్యమైనది. ఆంగ్లంలో రూపసామ్యం గల కొన్ని పదాలు తెలుగు లిపిలోకి రాగానే మరింత దగ్గరవుతాయి. కొన్ని పూర్తిగా ఒకటైపోతాయి. అప్పుడు వర్ణక్రమం ఇచ్చే ఆధారం కూడా పోతుంది. అక్కడ దొర్లే పొరపాటు చారిత్రక నిర్ధారణనే మార్చగలదు. అటువంటి నాలుగు జంటలను ఈ వ్యాసం వివరిస్తుంది.

2. సీజ్ – సీజ్:

ఎస్-ఐ-ఇ-జి-ఇ అనేది నామవాచకం. ముట్టడి అని అర్థం. ఎస్-ఇ-ఐ-జడ్-ఇ అనేది క్రియ. స్వాధీనపరచుకొను అని అర్థం. ఆంగ్లంలో వీటి చివరి ధ్వనులు వేరు. తెలుగులో ‘జడ్’ ధ్వనికి ప్రత్యేకాక్షరం లేనందున రెండూ ఒకే రూపం పొందుతాయి. మొదటిదానికి మూలం ‘కూర్చొను’ అనే అర్థం గల లాటిన్ ధాతువు. కోట ముందు సేన తిష్ఠవేసి కూర్చోవడమే ముట్టడి. రెండవది మధ్యయుగ ఫ్రెంచి న్యాయపరిభాషలో భూమిని వశం చేసుకోవడానికి సంబంధించినది. ‘వాహనాన్ని సీజ్ చేశారు’ అన్నప్పుడు మనం వాడేది దీనినే. ముట్టడించిన ప్రతి కోటా వశం కాదు. బొబ్బిలిలో ముట్టడి, పతనం ఒకే రోజున జరిగినందున ఈ భేదం సులభంగా మరుగున పడుతుంది.

3. కానన్ – కానన్:

నడుమ రెండు ‘ఎన్’లు ఉంటే ఫిరంగి, ఒకటే ఉంటే ప్రమాణం, ప్రామాణిక గ్రంథసముదాయం. బుస్సీ సేన కోటపై ప్రయోగించినది మొదటిది. బొబ్బిలి కథకు తెలుగు సాహిత్యచరిత్రలో ప్రామాణిక స్థానం ఉన్నదా అన్న చర్చ రెండవదానికి చెందినది.

4. మోరల్ – మొరేల్:

మొదటిది నీతికి, రెండవది సమూహపు మనోస్థైర్యానికి సంబంధించినవి. అయితే రెండవదానికి పత్రికలలో ‘నైతిక స్థైర్యం’ అనే అనువాదం స్థిరపడింది. ‘సేన నైతికంగా దెబ్బతిన్నది’ అంటే అది ధైర్యం కోల్పోయిందా, ధర్మం తప్పిందా? తాండ్ర పాపారాయుడు విజయరామరాజును గుడారంలో హతమార్చిన ఘట్టంలో రెండు ప్రశ్నలూ ఉన్నాయి. ఆ చర్య ధర్మమా అన్నది ఒకటి. శత్రుశిబిరం స్థైర్యంపై దాని ప్రభావమెంత అన్నది మరొకటి. వీటికి ఒకే విశేషణం చాలదు.

5. హిస్టారిక్ – హిస్టారికల్:

చరిత్రలో విశిష్టస్థానం పొందినది మొదటిది. చరిత్రకు సంబంధించిన ఏదైనా రెండవది. 1757 నాటి యుద్ధానికి రెండూ వర్తిస్తాయి. 1964లో వచ్చిన ‘బొబ్బిలి యుద్ధం’ చలనచిత్రాన్ని ఇతివృత్తాన్ని బట్టి రెండవ మాటతోనే వర్గీకరించాలి. తెలుగులో ‘చరిత్రాత్మక’, ‘చారిత్రక’ పదాలతో ఈ భేదాన్ని చూపవచ్చు. రెండిటికీ ‘చారిత్రాత్మక’ అని వాడడం వల్ల ఆ సౌలభ్యాన్ని కోల్పోతున్నాం.

6. ముగింపు:

లిప్యంతరీకరణ ధ్వనిని చేరవేస్తుంది. అర్థానికి హామీ ఇవ్వదు. కనుక ఇటువంటి పదం ఎదురైనప్పుడు మూలంలోని వర్ణక్రమాన్ని పరిశీలించి, తెలుగు సమానార్థకాన్ని ఆ వాక్యంలో ఉంచి చూడాలి. ముట్టడి, స్వాధీనం, ఫిరంగి, ప్రమాణం, నీతి, స్థైర్యం వంటి మాటలు మనకు ఉండనే ఉన్నాయి. వాటిని వాడినప్పుడు సందిగ్ధతకు తావుండదు.