యాప్ ఉన్నట్టుండి ఆగిపోతోందా? సర్వర్లు పెంచే ముందు డేటాబేస్ కనెక్షన్లు లెక్కపెట్టండి!

పరీక్ష ఫలితాలు వచ్చిన రోజు.. పండగ టికెట్లు ఓపెన్ అయిన గంట.. ఫోన్‌లో తిరిగే చక్రం తప్ప ఏమీ కనిపించదు. 'సర్వర్ డౌన్' అనుకుని వదిలేస్తాం. కానీ కొన్నిసార్లు సర్వర్ బాగానే ఉంటుంది. వెనకాల ఉన్న డేటాబేస్ గుమ్మం దగ్గరే తొక్కిసలాట జరుగుతుంటుంది. దాన్ని అదుపులో పెట్టేదే కనెక్షన్ పూలింగ్. కాలేజీ ప్రాజెక్టు చేస్తున్నవాళ్లు, కొత్తగా ఉద్యోగంలో చేరిన డెవలపర్లు ముందుగా నేర్చుకోవాల్సిన పాఠం ఇది.

అసలు పూలింగ్ అంటే ఏంటి?

పాతబస్తీలోని ఫలక్‌నుమా ఎంఎంటీఎస్ స్టేషన్ ఊహించుకోండి. రైలు దిగిన ప్రయాణికుడు బయటికొచ్చి ఆటో ఎక్కుతాడు. అతన్ని చాంద్రాయణగుట్టలో దించేసి ఆటో మళ్లీ స్టేషన్‌కి వస్తుంది. ఇంకొకరు ఎక్కుతారు. అలా కాకుండా ప్రతి ప్రయాణికుడి కోసం ఒక కొత్త ఆటో కొని, రిజిస్ట్రేషన్ చేయించి, ఇంటి దగ్గర దించాక తుక్కు కింద అమ్మేస్తే ఎలా ఉంటుంది? పూలింగ్ లేని యాప్ చేసే పని అచ్చం అదే.

యాప్ డేటాబేస్‌తో మాట్లాడాలంటే ముందు నెట్‌వర్క్ లింకు కలవాలి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ సరిచూడాలి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అయితే ప్రతి కనెక్షన్‌కీ సర్వర్‌లో ఒక ప్రాసెస్ విడిగా మొదలవుతుంది. చిన్న క్వెరీ అయితే అసలు పని కంటే ఈ ఏర్పాట్లకే ఎక్కువ టైమ్ పట్టొచ్చు. అందుకే కొన్ని కనెక్షన్లు ముందే తెరిచి ఉంచుతారు. అడిగినవాళ్లకి ఇస్తారు, పని అయ్యాక వెనక్కి తీసుకుంటారు. అంతే.. అదే పూల్.

సర్వర్లు పెంచితే సమస్య ఎందుకు పెరుగుతుంది?

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఫలక్‌నుమా ప్యాలెస్‌లోని ప్రసిద్ధ డైనింగ్ టేబుల్ దగ్గర ఒకేసారి 101 మంది కూర్చోవచ్చు. 102వ అతిథి వస్తే నిలబడాల్సిందే. డేటాబేస్‌కీ అలాంటి హద్దు ఉంటుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో డీఫాల్ట్‌గా 100 కనెక్షన్లు, మైఎస్‌క్యూఎల్‌లో 151. పోస్ట్‌గ్రెస్‌లోని 100లో 3 అడ్మిన్ కోసం పక్కన పెడతారు. అంటే మామూలు యాప్‌లకి మిగిలేవి 97.

ఇప్పుడు లెక్క చూడండి. జావా యాప్‌లలో ఎక్కువగా వాడే హికారీసీపీ పూల్ సైజు డీఫాల్ట్‌గా 10. రద్దీ పెరిగిందని యాప్‌ని 10 సర్వర్ల మీద నడిపితే 10 పదులు 100. ఉన్నవి 97! కొత్త కనెక్షన్ ఇవ్వలేమంటూ ఎర్రర్ వస్తుంది. రద్దీ తట్టుకోవడానికి పెట్టిన సర్వరే యాప్‌ని పడేస్తుందన్నమాట.

పూల్ సైజు ఎంత పెట్టాలి?

ఎంత పెద్దదైతే అంత మంచిదనుకుంటే పొరపాటే. ప్రాసెసర్‌లో ఒక్కో కోర్ ఒకసారికి ఒక్క పనే చేస్తుంది. కనెక్షన్లు మితిమీరితే పని మార్చుకోవడంలోనే టైమ్ పోతుంది. పోస్ట్‌గ్రెస్ వర్గాల్లో ఒక లెక్క ప్రచారంలో ఉంది. డేటాబేస్ సర్వర్‌లోని కోర్ల సంఖ్యని రెండుతో గుణించి, డిస్కుల సంఖ్య కలపాలి. 4 కోర్లు, 1 డిస్కు ఉంటే 9. ఇది మొదలుపెట్టడానికి మాత్రమే. ఆ తర్వాత జేమీటర్ లాంటి టూల్‌తో లోడ్ టెస్ట్ చేసి సరిచేసుకోవాలి.

ఎలా మొదలుపెట్టాలి?

* జావాలో స్ప్రింగ్ బూట్ వాడితే కొత్తగా ఏమీ వెతకక్కర్లేదు. 2018లో వచ్చిన 2.0 వెర్షన్ నుంచి హికారీసీపీనే డీఫాల్ట్ పూల్. పైథాన్‌లో ఎస్‌క్యూఎల్ఆల్కెమీ 5 కనెక్షన్లు ఉంచుకుని, అవసరమైతే మరో 10 తెరుస్తుంది.
* పూల్‌ని యాప్ మొదలైనప్పుడు ఒక్కసారే తయారు చేయాలి. ప్రతి రిక్వెస్ట్‌కీ కొత్త పూల్ పెడితే మొదటికే మోసం.
* మొత్తం సర్వర్ల కనెక్షన్లు కలిపి డేటాబేస్ హద్దు కంటే తక్కువే ఉండాలి. సరిపోకపోతే పీజీబౌన్సర్ లాంటి పూలర్‌ని డేటాబేస్ ముందు నిలబెట్టొచ్చు.
* వెయిటింగ్ టైమ్ చూసుకోండి. హికారీసీపీలో డీఫాల్ట్‌గా 30 సెకన్లు. ఫోన్ పట్టుకుని అంతసేపు ఎవరు ఎదురుచూస్తారు?

ఈ తప్పులు చేయొద్దు

తీసుకున్న కనెక్షన్ తిరిగి ఇవ్వకపోవడం అన్నిటికంటే పెద్ద తప్పు. దీన్నే 'లీక్' అంటారు. మధ్యలో ఎర్రర్ వచ్చినా కనెక్షన్ వెనక్కి చేరేలా కోడ్ రాయాలి. జావాలో ట్రై విత్ రిసోర్సెస్, పైథాన్‌లో విత్ బ్లాక్ ఉన్నది అందుకే. రోజుకి పది లీకులు చాలు.. పది కనెక్షన్ల పూల్ సాయంత్రానికి ఖాళీ. ఉదయం యాప్ బాగానే నడుస్తుంది కాబట్టి కారణం కూడా ఓ పట్టాన దొరకదు.

రెండోది.. కనెక్షన్ చేతిలో పెట్టుకుని పేమెంట్ గేట్‌వే జవాబు కోసం ఎదురుచూడటం. ఆటోని గుమ్మం ముందు ఆపి భోజనానికి కూర్చోవడం లాంటిదే ఇది. స్టేషన్‌లో మిగతావాళ్లు నిలబడే ఉంటారు.

అందుకే ఈసారి యాప్ ఆగిపోతే కొత్త సర్వర్‌కి డబ్బు కట్టే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. తీసుకున్న కనెక్షన్లన్నీ తిరిగి వస్తున్నాయా?