భిలాయి క్వార్టర్ కొంటే చేతికొచ్చేది ఏమిటి?

భిలాయిలో ఇల్లు కొనాలనుకునేవారికి రెండు దారులున్నాయి. ఒకటి, నెహ్రూనగర్, స్మృతినగర్, జునవానీ వైపు టౌన్‌షిప్ బయట ఉన్న ఇళ్లు. రెండోది, ఉక్కు కర్మాగారం కట్టించిన సెక్టర్ క్వార్టర్. ఈ రెండోదాని మీద మనసు పడేవాళ్లు తక్కువేమీ కాదు. వెడల్పు రోడ్లు, పెద్ద చెట్లు, ఇంటి ముందు కాస్త జాగా, నడిచి వెళ్లేంత దూరంలో బడి, బజారు ఉంటాయి. ధర కూడా బయటి ఇళ్లకంటే తక్కువే చెబుతారు. ఎందుకు తక్కువో తెలుసుకోకుండా బేరం మొదలుపెట్టకూడదు.

ముందు ఈ ఇళ్లు ఎలా పుట్టాయో చూద్దాం. 1955లో కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ పనిచేయడం మొదలుపెట్టింది. వేలమంది కార్మికులు ఉండేందుకు, అప్పటిదాకా పల్లెలూ పొలాలూ ఉన్నచోట సెక్టర్లుగా ఊరు కట్టారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి వచ్చిన తెలుగువాళ్లు ఇక్కడ చాలామంది. సెక్టర్-5 బాలాజీ గుడి చుట్టూ ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. రెండో తరం, మూడో తరం పిల్లలకు సొంతూరంటే ఈ సెక్టరే. పాత క్వార్టర్ కోసం తపించేవారిలో ఎక్కువమంది పెట్టుబడిదారులు కారు. అందులో పుట్టిపెరిగినవాళ్లే. వాళ్ల కోసమే ఈ విషయాన్ని కొంచెం నిదానంగా చెప్పాలనిపిస్తుంది.

క్వార్టర్ మొదట ఉద్యోగంతో వచ్చేది, ఉద్యోగంతో పోయేది. 1990ల చివర, కర్మాగారాన్ని నడిపే సెయిల్ నష్టాల్లో పడింది. స్వచ్ఛంద పదవీ విరమణ పథకాలు వచ్చాయి, ఉద్యోగుల సంఖ్య బాగా తగ్గింది. అన్ని వేల ఇళ్లకు మరమ్మతులు చేయించడం కంపెనీకి భారమైంది. రిటైరైనవారికేమో వెళ్లడానికి వేరే ఊరు లేదు. ఈ రెండు అవసరాలూ కలిసినచోట, 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో దీర్ఘకాలిక లీజు (గడువు మేరకు అనుభవించే హక్కు) పథకం వచ్చింది. ఒకేసారి పెద్ద మొత్తం కట్టినవారికి క్వార్టర్‌ను ఏళ్ల తరబడి ఉంచుకునే హక్కు దక్కింది.

అసలు సంగతి ఇక్కడే ఉంది. లీజులో నేల చేతులు మారదు. అది కంపెనీదే. లీజుదారు దగ్గర ఉన్నది కొన్ని ఏళ్లు, వాటితోపాటు కొన్ని షరతులు. లీజుదారు తన దగ్గర ఉన్నదానికన్నా ఎక్కువ అమ్మలేరు. లెక్క కోసం ఒక లీజు ముప్పై ఏళ్లదనుకుందాం. అందులో ఇరవై గడిస్తే, కొనేవారికి ఖాయంగా మిగిలేది పదేళ్లే. ఆ తర్వాత గడువు పొడిగిస్తారా, ఎంత రుసుముకు, ఎవరి ఇష్టం మీద అన్నది పత్రంలోని ఒక్క వాక్యం మీద ఆధారపడుతుంది. కాబట్టి బయటి కాలనీలోని ఫ్రీహోల్డ్ (గడువు లేని పూర్తి యాజమాన్యం) ఇంటి ధరతో దీన్ని పోల్చడమే సరికాదు. ఏటా గడువు తరుగుతుంటే, ఇల్లు ఎంత శుభ్రంగా ఉన్నా హక్కు విలువ తగ్గుతూనే ఉంటుంది.

రెండో చిక్కు రిజిస్ట్రీ. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్ ప్రకారం, ఏడాది దాటిన లీజును రిజిస్టరైన పత్రంతోనే ఇవ్వాలి. భిలాయి లీజుల రిజిస్ట్రీ ఏళ్ల తరబడి చర్చగా నడిచింది. అందువల్ల మీరు చూసే క్వార్టర్ లీజు రిజిస్టరైందో లేదో విడిగా తేల్చుకోవాలి. అలాగే లీజు హక్కును మరొకరికి మార్చుకునే వీలు చట్టం ఇస్తుంది కానీ, పత్రంలో దానికి అడ్డు రాసి ఉంటే ఆ రాతే చెల్లుతుంది. కంపెనీ లిఖితపూర్వక అనుమతి కావాలని ఉంటే, అది లేని బేరం బేరమే కాదు.

ఈ అనుమతి తెచ్చుకునే శ్రమ తప్పించుకోవడానికే జీపీఏ (తన తరఫున పనులు చేసే అధికారం ఇచ్చే పత్రం) మీద అమ్మకాలు జరుగుతుంటాయి. సూరజ్ ల్యాంప్ కేసులో 2011లో సుప్రీంకోర్టు ఈ విషయం స్పష్టంగా చెప్పింది. జీపీఏతో స్థిరాస్తిపై యాజమాన్యం రాదు. తాళంచెవి చేతికొస్తుంది, కాపురమూ పెడతారు. లీజు మాత్రం పాతవారి పేరునే ఉంటుంది. బ్యాంకులు సాధారణంగా ఇలాంటి కాగితం మీద అప్పు ఇవ్వవు. సరైన లీజు ఉన్నా, అప్పు తీరే కాలానికి మించి గడువు మిగిలి ఉందా అని చూస్తాయి.

షరతు తప్పితే ఏమవుతుంది? సెయిల్ ప్రభుత్వరంగ సంస్థ. దాని ఇళ్లకు 1971 నాటి ప్రభుత్వ ప్రాంగణాల చట్టం వర్తిస్తుంది. లీజు రద్దయినా, గడువు తీరినా, లోపల ఉన్నవారికి నోటీసు ఇచ్చి, వారి వాదన విని, ఖాళీ చేయించే అధికారం ఎస్టేట్ అధికారికి ఉంటుంది. మామూలు సివిల్ కోర్టుకు వెళ్లి ఆపించుకునే దారి లేదు. అప్పీలు జిల్లా జడ్జి దగ్గరే. బయటి కాలనీలో ఇంటి యజమానికి ఈ భయం ఉండదు. అనుమతి లేకుండా పెరట్లో వేసిన అదనపు గది, వరండా మూసి పెట్టిన దుకాణం చిన్న విషయాల్లా కనిపిస్తాయి. కానీ నోటీసుకు అవే కారణం కావచ్చు. పాతవారు కట్టిన గదికి కొత్తవారు జవాబు చెప్పుకోవలసి వస్తుంది.

ఇది భిలాయి ఒక్కదాని కథ కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లో పాత వరుస ఇళ్లు ఎన్నో లీజు నేల మీదే నిలిచాయి. గడువు తీరితే తరతరాల ఇల్లు భూస్వామికి పోతుందన్న ఆందోళనతో 1967లో చట్టం తెచ్చి, దీర్ఘకాలిక లీజుదారులకు ఆ నేల కొనుక్కునే హక్కు ఇచ్చారు. మొదట అది తక్కువ విలువ ఇళ్లకే పరిమితం. ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ కూడా 1992లో లీజు ఇళ్లను ఫ్రీహోల్డ్‌గా మార్చే పథకం తెచ్చింది. అవి ఆయా ప్రభుత్వాలు తీసుకున్న నిర్ణయాలు. ఎక్కడో జరిగింది కనుక ఇక్కడా జరుగుతుందని నమ్మి ఎక్కువ ధర పెట్టడం మంచిది కాదు. లీజు ఏళ్లు తరిగిపోకముందే సెయిల్ పొడిగింపు నియమాలను అందరికీ అర్థమయ్యేలా ప్రకటిస్తే, ఈ అనిశ్చితి చాలావరకు పోతుంది. ఒక ఊరిని నిలబెట్టినవారికి ఆ మాత్రం స్పష్టత దక్కాలి.

మరి కొనవచ్చా? నివాసం కోసం, పిల్లల చదువు సాగినన్నాళ్లు ఉండడం కోసం అయితే కొనవచ్చు. సివిక్ సెంటర్ చుట్టుపక్కల కోచింగ్ సంస్థలున్నాయి. కుటేలాభాఠాలో 2024లో ఐఐటీ శాశ్వత ప్రాంగణం ప్రారంభమైంది. ఇక్కడ ఉండాలనుకునేవారికి కారణాలు పెరుగుతూనే ఉన్నాయి. మిగిలిన ఏళ్లతో ధరను భాగించి చూడండి. ఏడాదికి పడేది ఆ ప్రాంతపు అద్దెకు దగ్గరగా ఉంటే బేరం సబబే. మనవళ్లకు ఇచ్చే ఆస్తిగా భావిస్తే మాత్రం ఆ డబ్బు టౌన్‌షిప్ బయట పెట్టడమే మేలు.

ఇప్పటికే లీజు ఉన్న కుటుంబాలు చేయవలసిన పని ఇంకొకటి ఉంది. లీజు నాన్నగారి పేరున ఉండి ఆయన గతించినట్లయితే, వారసుల పేరుకు మార్పిడి జరిగిందో లేదో టౌన్‌షిప్ కార్యాలయంలో చూసుకోవాలి. మరణ ధ్రువపత్రం, వారసుల అంగీకారం, పాత రసీదులు వెతికి ఒక దగ్గర పెట్టుకోవాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు వేరే రాష్ట్రాల్లో స్థిరపడ్డాక ఈ సంతకాలు సేకరించడమే అన్నింటికన్నా కష్టమైన పని.